పాత కిటికీ మార్చేటప్పుడు చట్రం ఉంచాలా, ఊడదీయాలా?

కిటికీలు మార్చాలనుకున్న ఇంటివారు సాధారణంగా మొదట అడిగేది యూపీవీసీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) మంచిదా, అల్యూమినియం మంచిదా, చెక్క మంచిదా అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఇప్పుడు గోడలో ఉన్న చట్రాన్ని, అంటే పనివాళ్లు ఫ్రేము అని పిలిచే దానిని, ఏం చేయాలన్నది మొదటి ప్రశ్న. ఆ చట్రాన్నీ రెక్కలనూ ఉంచి అద్దాలు, బిగింపులు మాత్రమే మార్చవచ్చు. చట్రం ఉంచి రెక్కలు కొత్తవి చేయించవచ్చు. పాత చట్రం లోపల కొత్త చట్రాన్ని కూర్చోబెట్టవచ్చు. గోడ బయటపడే వరకు అంతా ఊడదీసి పూర్తిగా కొత్త కిటికీ పెట్టవచ్చు. ఇవేవీ కాక, ఉన్న కిటికీని ముట్టుకోకుండా దాని లోపలి వైపు మరో కిటికీ అమర్చే పద్ధతి కూడా ఉంది. ఖర్చు, పని జరిగే రోజులు, గదిలోకి వచ్చే వెలుతురు, వాన నీటి నుంచి రక్షణ అన్నీ ఈ ఎంపికను బట్టే మారిపోతాయి. ఎంత ఖరీదైన కిటికీ తెచ్చినా, పుచ్చిన చట్రానికి బిగిస్తే ఆ చట్రం ఎంతకాలం నిలిస్తే అదీ అంతకాలమే నిలుస్తుంది.

అసలు ఇబ్బంది ఏమిటి?

పద్ధతి ఎంచుకునే ముందు, ఆ కిటికీతో మనకున్న ఇబ్బంది ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. రెక్క సరిగా మూసుకోకపోవడం, గాలి దూరడం, వాన నీరు కారడం, వీధి శబ్దం వినిపించడం, ఎండ వేడి లోపలికి రావడం అనేవి ఐదు వేర్వేరు సమస్యలు. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాదు.

రెక్క సరిగా మూసుకోకపోతే చాలాసార్లు తప్పు మడతబందులదే (హింజిలదే). స్క్రూలు వదులై రెక్క కిందికి జారుతుంది, దాని మూల చట్రానికి రాసుకుంటుంది. పొడవాటి స్క్రూలు వేయడమో, మడతబందులు మార్చడమో చాలు. గాలి దూరుతున్నదా అని చూడడానికి ఒక సన్నని కాగితం ముక్కను రెక్కకూ చట్రానికీ మధ్య ఉంచి కిటికీ మూసి లాగాలి. కాగితం ఏ పట్టూ లేకుండా వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదన్నమాట. రెక్క చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. రబ్బరు పట్టీ ఎండి గట్టిపడి ఉంటే దానిని మార్చడంతోనే పని తీరిపోవచ్చు. ఇంత చిన్న మరమ్మతుతో తీరే దానికి కిటికీ మొత్తం మార్పించుకున్న ఇళ్లను చూసినప్పుడు బాధ కలుగుతుంది.

ఎండ వేడి సంగతి వేరు. ఒక పొర మామూలు పారదర్శక అద్దం తనపై పడిన సూర్యుడి వేడిలో 80 శాతానికి పైగా లోపలికి పంపుతుంది. దాని స్థానంలో రెండు పొరల మామూలు అద్దం పెట్టినా ఇంకా 70 శాతం దాకా లోపలికి వస్తూనే ఉంటుంది. రెండు పొరల అద్దం ప్రధానంగా అడ్డుకునేది లోపలి, బయటి గాలి ఉష్ణోగ్రతల తేడా వల్ల అద్దం గుండా ప్రవహించే వేడిని. ఆ ప్రవాహాన్ని అది సుమారు సగానికి తగ్గిస్తుంది. కాబట్టి పడమటి ఎండ నేరుగా పడే గదికి సూర్యుడి వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న అద్దం కావాలి, లేదా కిటికీ బయట నీడ కావాలి. ఇది తెలియక రెండు పొరల అద్దం పెట్టించుకుని నిరాశపడినవారు చాలామంది ఉన్నారు. బయట నీడ కల్పించడం అన్నిటికన్నా మేలైన మార్గమని నా అభిప్రాయం, ఎందుకంటే అది వేడిని అద్దం దాకా రానివ్వకుండానే ఆపుతుంది.

చట్రాన్ని పరీక్షించడం

చెక్క చట్రం ఎలా ఉందో దాని అడుగు పట్టె చెబుతుంది. నీరు చేరేది, నిలిచేది అక్కడే. నిలువు పట్టెలు అడుగు పట్టెతో కలిసే రెండు మూలల్లోనూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చెక్కలో మొన పైపైనే ఆగిపోతుంది. పుచ్చిన చెక్కలో మెత్తగా దిగిపోతుంది. రంగు పొర పైకి నున్నగా కనిపిస్తున్నదని నమ్మకూడదు, ఎందుకంటే రంగు కిందనే చెక్క పూర్తిగా పొడి అయిపోయి ఉన్న సందర్భాలు ఎన్నో ఉంటాయి. పిడితో పట్టె పొడవునా తడుతూ పోతే చెద తిన్న చోట డొల్ల శబ్దం వస్తుంది. చెదలు కనిపిస్తే కిటికీ ఆలోచన పక్కన పెట్టి ముందుగా గోడలోనూ నేలలోనూ వాటి దారిని అరికట్టాలి. లేకపోతే కొత్త చెక్కకు కూడా అదే గతి పడుతుంది.

ఇనుప చట్రమైతే తుప్పు పొరలు పొరలుగా లేస్తున్నదేమో చూడాలి. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, గోడలో దిగిన భాగం తుప్పు పట్టినప్పుడు అది పక్కనున్న గోడ పూతను (ప్లాస్టరింగును) నెట్టి పగలగొడుతుంది. చట్రం అంచు వెంబడి పూత పగిలి ఉబ్బి ఉంటే లోపల జరుగుతున్నది అదే. అల్యూమినియం చట్రంలో మూలల అతుకులు వదులయ్యాయా, జారే రెక్కల దారి అరిగిందా, తెల్లటి పొడి లేస్తున్నదా అన్నవి చూడాలి. యూపీవీసీ కుళ్లదు, కానీ మూలల్లో అతికిన చోట పగుళ్లు, ఎండకు పెళుసుబారడం ఉంటాయి.

తరువాత రెండు చేతులతో చట్రాన్ని నెట్టి చూడాలి. గోడ కదలకుండా చట్రం మాత్రం కదిలితే, గోడలో దానిని పట్టి ఉంచే ఇనుప పట్టీలు తెగినట్టో, వాటి చుట్టూ సిమెంటు రాలినట్టో అర్థం. అలాంటి చట్రానికి కొత్త బరువు ఏదీ తగిలించకూడదు.

ఇక మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ సమానంగా ఉంటే చట్రం సరిగ్గా ఉన్నట్టే. ఐదారు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే అది ఒక పక్కకు ఒరిగింది. తేడా కొద్దిగా ఉంటే కొత్త చట్రాన్ని లోపల సరిచేసి బిగించవచ్చు గాని, 15, 20 మిల్లీమీటర్లు ఉంటే ఆ ఒరుగును ఎక్కడో దాచాలి. అది అద్దం వైశాల్యాన్ని తినేస్తుంది.

చట్రం చూసిన తరువాత గోడను కూడా చదవాలి. కిటికీ కింది రెండు మూలల దగ్గర గోడ మీద చెమ్మ మరకలుంటే నీరు చట్రం అడుగు అతుకుల్లోంచి దిగుతున్నదని అనుకోవచ్చు. మరక కిటికీ పైభాగంలో ఉంటే మాత్రం తప్పు కిటికీది కాకపోవచ్చు. సజ్జా మీద నిలిచిన నీరో, పై అంతస్తు నుంచి దిగే నీరో లింటెల్ (కిటికీ పైన గోడ బరువును మోసే అడ్డ దూలం) వెంబడి వచ్చి అక్కడ బయటపడుతూ ఉంటుంది. కిటికీ మూలల నుంచి గోడలోకి ఏటవాలుగా పెద్ద పగుళ్లు పోతుంటే, పని మొదలుపెట్టకముందే భవన నిర్మాణం తెలిసిన ఇంజనీరుకు చూపించాలి.

అద్దం మార్చి సరిపెట్టుకోవడం

చట్రం, రెక్కలు రెండూ గట్టిగా ఉంటే అద్దం మాత్రమే మార్చడం అన్నిటికన్నా తేలిక. రెండు పొరల అద్దం మధ్యలో పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంటే దాని అంచున ఉన్న సీలు తెగి తేమ లోపలికి చేరిందని అర్థం. ఆ మసకను బయటి నుంచి తుడవలేము. అయితే దానికోసం కిటికీ మొత్తం మార్చనవసరం లేదు, ఆ అద్దాల జత ఒక్కటి మార్చితే చాలు.

ఒక పొర ఉన్న పాత రెక్కలో రెండు పొరల అద్దం పెట్టాలనుకుంటే రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది బరువు. అద్దం ప్రతి చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్ల ఒంటి అద్దం చదరపు మీటరుకు 10 కిలోలు ఉంటే, 5 మిల్లీమీటర్ల అద్దాలు రెండు కలిపితే 25 కిలోలు అవుతాయి. పాత మడతబందులు, పాత మూల అతుకులు ఈ రెండున్నర రెట్ల బరువును మోయలేక రెక్క కొద్ది నెలల్లోనే జారిపోతుంది. రెండోది మందం. రెండు అద్దాలు, మధ్యలో 12 మిల్లీమీటర్ల ఖాళీ కలిస్తే 22 మిల్లీమీటర్లు. పాత రెక్కలో అద్దం కూర్చునే గాడి అంత లోతు ఉండడం అరుదు. గాడిని లోతు చేయబోతే మిగిలే చెక్క బలహీనపడుతుంది.

భద్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నేలకు దగ్గరగా ఉన్న అద్దం, స్నానాల గది అద్దం, పిల్లలు పరుగెత్తే దారిలో ఉన్న అద్దం మామూలువి కాకూడదు. టఫెన్డ్ అద్దం పగిలితే పదునులేని చిన్న ముక్కలుగా రాలుతుంది. లామినేటెడ్ అద్దం పగిలినా మధ్యలోని ప్లాస్టిక్ పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. ఎత్తైన అంతస్తుల్లో, దొంగల భయం ఉన్న చోట్ల రెండోదే మేలు. టఫెన్డ్ అద్దాన్ని తయారైన తరువాత కోయడం గాని, రంధ్రం వేయడం గాని సాధ్యం కాదు కాబట్టి దాని కొలత ఒక్కసారే, తప్పు లేకుండా ఇవ్వాలి.

రెక్కలు మాత్రమే కొత్తవి

గట్టి పాత చెక్కతో చేసిన చట్రం అలాగే నిలిచి, ఎండకూ వానకూ నేరుగా తగిలే రెక్కలు మాత్రం వంగి పగిలిపోవడం తరచుగా జరుగుతుంది. అలాంటప్పుడు రెక్కలే కొత్తవి చేయించుకుంటే గోడ పూత చెదరదు, చట్రానికి బిగించిన గ్రిల్ కదలదు, గది రూపం మారదు. దీనికి కావలసినదల్లా మంచి వడ్రంగి, బాగా ఆరిన చెక్క. చెక్క తేమను పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. నార పొడవునా మాత్రం దాదాపు మారదు. పచ్చి చెక్కతో చేసిన రెక్క మొదటి వేసవిలోనే సందులు చూపుతుంది. రంగు వేసేటప్పుడు రెక్క అడుగు అంచును వదిలేయడం అందరూ చేసే పొరపాటు. కనిపించని ఆ అంచులోంచే నీరు పైకి ఎక్కుతుంది కాబట్టి, రెక్కను బిగించకముందే దానికి రెండు పూతలు వేయించాలి.

పాత చట్రంలో కొత్త చట్రం

అమ్మకందారులు ఎక్కువగా సూచించేది ఈ పద్ధతే, దానికి కారణం లేకపోలేదు. పాత రెక్కలు, మడతబందులు తీసేసి, ఉన్న చట్రం లోపలి కొలతకు సరిపడే కొత్త కిటికీని మొత్తంగా కూర్చోబెట్టి స్క్రూలతో బిగించి, చుట్టూ సందు మూస్తారు. గోడ పగలదు, దుమ్ము తక్కువ, ఒక రోజులో అనేక కిటికీలు పూర్తవుతాయి. చట్రం నిజంగా గట్టిగా, సరిగ్గా ఉన్నప్పుడు ఇది చక్కని మార్గం.

దీనికి చెల్లించే మూల్యం వెలుతురు. 900 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 ఎత్తు ఉన్న ఖాళీలో నాలుగు వైపులా కొత్త చట్రం అదనంగా 40 మిల్లీమీటర్లు ఆక్రమించిందనుకుందాం. మిగిలేది 820 వెడల్పు, 1120 ఎత్తు. వైశాల్యం 1.08 చదరపు మీటర్ల నుంచి 0.92కు, అంటే 15 శాతం తగ్గుతుంది. పెద్ద కిటికీకి ఇది అంతగా తెలియదు. స్నానాల గదిలోనో వంటగదిలోనో ఉండే చిన్న కిటికీకి ఇదే లెక్క వేస్తే నష్టం మూడో వంతు దాకా పోవచ్చు. అందుకని ఒప్పుకునే ముందు కొత్త చట్రం మందం ఎంతో అడిగి, అట్టముక్కలు ఆ మందానికి కోసి పాత చట్రానికి అంటించి, ఒక రోజంతా గదిలో కూర్చుని చూడాలని నేను గట్టిగా చెబుతాను. కాగితం మీద అంకె చూసి అర్థం కానిది అప్పుడు కంటికి అర్థమవుతుంది.

వెలుతురు కన్నా ముఖ్యమైన ప్రమాదం మరొకటి ఉంది. ఈ పద్ధతిలో పాత చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందును ఎవరూ తెరవరు, చూడరు. నీరు కారుతున్నది ఆ సందులోంచే అయితే కొత్త కిటికీ దానిని ఆపలేదు సరికదా, కనబడకుండా దాచేస్తుంది. నా ఇంట్లో ఒక గదికి ఇలాగే చేయించాను. పైకి అంతా కొత్తగా మెరిసింది. రెండు వానాకాలాలు గడిచాక కిటికీ కింద గోడ పూత ఉబ్బడం మొదలైంది. చివరికి ఊడదీసి చూస్తే పాత చట్రం అడుగు పట్టె చేతితో నలిపితే పొడి అయ్యే స్థితిలో ఉంది. ఆ పని రెండుసార్లు చేయించవలసి రావడానికి కారణం కిటికీ నాణ్యత కాదు, మొదట ఆ పట్టెను నేను గుచ్చి చూడకపోవడమే.

అన్నీ ఊడదీసి కొత్తగా పెట్టడం

చట్రం పుచ్చినా, బాగా ఒరిగినా, గోడకూ చట్రానికీ మధ్య నీరు దిగుతున్నా, కిటికీ కొలత మార్చాలనుకున్నా ఇదొక్కటే దారి. దీనిలో దుమ్ము ఎక్కువ, చుట్టూ పూత మళ్లీ పూయాలి, రంగు వేయాలి, కిటికీ కింది రాతి పలక పగలవచ్చు. బదులుగా అద్దం పూర్తి వైశాల్యం దక్కుతుంది, గోడ అంచు కంటికి కనిపిస్తుంది, నీటికి సరైన దారి మొదటి నుంచీ కట్టవచ్చు. నా దృష్టిలో ఈ చివరి లాభం ఒక్కటే మిగిలిన కష్టాలన్నిటికీ సరిపోతుంది.

ఊడదీసే ముందు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. చాలా పాత ఇళ్లలో కిటికీ పైన లింటెల్ సరిగా లేకుండా, పై ఇటుకల బరువును చట్రమే మోస్తూ ఉండవచ్చు. చట్రం పై పట్టె మధ్యలో కిందికి వంగి కనిపిస్తే అదే అనుమానం పెట్టుకుని, ఆనిక పెట్టకుండా దానిని కదిలించకూడదు. కిటికీని వెడల్పు చేయాలంటే కొత్త లింటెల్ తప్పదు. ఉన్న వెడల్పులోనే కిందికి పొడిగించడం మాత్రం చాలావరకు సులువు. రెండోది, పాత రంగులో సీసం ఉండే అవకాశం. పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దకుండా, తడిపి గీకి, నేలపై ప్లాస్టిక్ పట్టా పరచి, ఆ పొడిని తడిగుడ్డతో తీయాలి. ఆ సమయంలో చిన్నపిల్లలు, గర్భిణులు ఆ గదికి దూరంగా ఉండాలి.

లోపలి వైపు రెండో కిటికీ

పాత కిటికీ అందమైనది, లేదా భవనం రూపాన్ని బయటి నుంచి మార్చడానికి అనుమతి లేదు, అయినా శబ్దం భరించలేకుండా ఉంది అనుకుందాం. అప్పుడు గోడ మందంలో లోపలి అంచున మరో పలుచని కిటికీ అమర్చవచ్చు. రెండు కిటికీల మధ్య 100 నుంచి 200 మిల్లీమీటర్ల ఖాళీ దొరికితే, శబ్దాన్ని ఆపడంలో ఇది మామూలు రెండు పొరల అద్దం కన్నా మెరుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ అద్దంలో మధ్య ఖాళీ సాధారణంగా 12, 16 మిల్లీమీటర్లకు మించదు. రెండు అద్దాల మందాలు వేర్వేరుగా ఉంటే ఇంకా మంచిది. బయటి కిటికీ కన్నా లోపలిది బిగుతుగా మూసుకోవాలి. లేకపోతే గదిలోని తేమగాలి మధ్యలోకి పోయి చల్లని అద్దం మీద నీటిబొట్లుగా మారుతుంది. శుభ్రం చేయడానికి నాలుగు అద్దపు ముఖాలు ఉంటాయన్నది మరచిపోకూడదు.

ఏ పదార్థం, ఏ తీరు?

ఈ విషయం మీద క్లుప్తంగానే చెబుతాను. అల్యూమినియం సన్నగా ఉండి ఎక్కువ అద్దం ఇస్తుంది, బలమైనది. కానీ చెక్కతో, ప్లాస్టిక్‌తో పోలిస్తే వేడిని సుమారు వెయ్యి రెట్లు వేగంగా మోస్తుంది. ఏసీ గానీ హీటరు గానీ ఎక్కువగా వాడే ఇంట్లో మధ్యలో వేడిని అడ్డుకునే పట్టీ ఉన్న అల్యూమినియమే తీసుకోవాలి. యూపీవీసీ వేడిని మోయదు, రంగు అడగదు. అయితే ఎండకు అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా సాగుతుంది. రెండు మీటర్ల పట్టె 40 డిగ్రీల తేడాకు ఐదు మిల్లీమీటర్ల వరకు పొడవు మారుతుంది కాబట్టి, దానిని గోడకు బిగదీసి సిమెంటు నింపితే వంగుతుంది. ముదురు రంగుల యూపీవీసీకి ఈ బాధ ఇంకా ఎక్కువ. చెక్కను మరమ్మతు చేసుకోవచ్చు, ఒక ముక్క పాడైతే ఆ ముక్కే మార్చవచ్చు. దానికి బదులుగా ఏళ్ల తరబడి రంగు వేస్తూ ఉండాలి.

జారే రెక్కలు చోటు తినవు, కానీ ఒకసారికి సగం కిటికీయే తెరుచుకుంటుంది, అంచులకు ఉండేవి బ్రష్ లాంటి పట్టీలే కాబట్టి గాలిని పూర్తిగా ఆపలేవు. మడతబందులపై తెరుచుకునే రెక్క రబ్బరు పట్టీకి ఒత్తుకుని మూసుకుంటుంది కాబట్టి గాలికి, వానకు, శబ్దానికి అదే మేలు. పడకగదిలో కనీసం ఒక కిటికీ, గ్రిల్ ఉన్నా సరే, లోపలి నుంచి తాళంచెవి లేకుండా మనిషి పట్టేంత వెడల్పుగా తెరుచుకునేలా ఉండాలి. అగ్నిప్రమాదంలో తలుపు దారి మూసుకుపోతే మిగిలేది ఆ కిటికీయే.

కొలత, బిగింపు, నీటి దారి

వెడల్పును పైన, మధ్యలో, కింద కొలిచి, ఎత్తును ఎడమన, మధ్యలో, కుడివైపున కొలిచి, రెండింటిలోనూ అతి చిన్న అంకెనే తీసుకోవాలి. దానిలోంచి చుట్టూ ఐదేసి మిల్లీమీటర్ల సందు కోసం వెడల్పులో 10, ఎత్తులో 10 తగ్గించడం మామూలు. పెద్ద యూపీవీసీ కిటికీలకు ఇంకొంచెం ఎక్కువ. కొత్తగా పూత పూసే గోడలైతే పూత పూర్తయ్యాకే కొలవాలి. కొలతలు మీరు తీసుకుని కొలత తప్పు బాధ్యత మీపై వేసుకోవడం కన్నా, తయారుచేసేవారే వచ్చి కొలిచి సంతకం పెట్టేలా చూసుకోవడం మంచిది.

చట్రాన్ని రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి నిలువు, అడ్డం సరిచూసి, చిన్న ఆనికలపై కూర్చోబెట్టి, ఆ ఆనికలున్న చోటే బోల్టులు బిగించాలి. ఖాళీగా ఉన్న చోట బోల్టు బిగిస్తే చట్రం గోడవైపు వంగి రెక్క ఇరుక్కుంటుంది. సందులో నింపే ఫోమ్ తక్కువగా ఉబ్బే రకం కావాలి, ఎందుకంటే మామూలు రకం ఉబ్బి చట్రాన్ని లోపలికి నెడుతుంది. ఫోమ్ నీటిని ఆపే వస్తువు కాదని, ఎండ తగిలితే అది పొడి అయి రాలుతుందని గుర్తుంచుకోవాలి. దానిపైన బయటివైపు సీలెంట్, అంటే సందు మూసే సాగే జిగురు, తప్పనిసరి. సీలెంట్ వేసే ముందు సందులో గుండ్రని ఫోమ్ తాడు దూర్చితే, సీలెంట్ రెండు పక్కలకు మాత్రమే అతుక్కుని, గోడ, చట్రం కదిలినప్పుడు తెగకుండా సాగుతుంది. దాని లోతు సందు వెడల్పులో సగం ఉంటే చాలు; ఎక్కువ దట్టిస్తే ఎక్కువ కాలం నిలుస్తుందనుకోవడం పొరపాటు.

నీటి విషయంలో ఒకటే సూత్రం, పై పొర కింది పొరను కప్పాలి, పెంకుల కప్పులో పెంకు మీద పెంకు వేసినట్టు. నీటిని అడ్డుకునే పొరను ముందు అడుగున, తరువాత పక్కల, చివరన పైన వేయాలి. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉండాలి. లోపలి అంచు కొద్దిగా ఎత్తుగా ఉంటే గాలివానకు నీరు లోపలికి ఎక్కదు. బయటికి పొడుచుకు వచ్చిన గట్టు అడుగున, అంచుకు దగ్గరగా ఒక గాడి ఉంటే నీరు గోడవైపు వెనక్కి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలుతుంది. ఈ చిన్న గాడిని వదిలేయడం వల్ల పాడైన గోడలు ఎన్నో. చట్రం అడుగున నీరు పోవడానికి కంపెనీ వేసిన సన్నని రంధ్రాలను పనివాళ్లు లోపమనుకుని సిలికాన్‌తో మూసేస్తుంటారు. వాటిని మూయకుండా పక్కనే ఉండి చూసుకోవాలి. తడి సిమెంటు అల్యూమినియం మీద చెరగని మరకలు వేస్తుంది కాబట్టి పని పూర్తయ్యే వరకు రక్షణ టేపు ఉంచి, పూర్తయిన వెంటనే తీసేయాలి. ఎండలో నెలల తరబడి ఉంచితే ఆ టేపే అతుక్కుపోయి ఊడిరాదు.

కొత్త కిటికీలు బిగుతుగా ఉండడం వల్ల ఇంతకుముందు సందుల్లోంచి జరిగిన గాలి మార్పిడి ఆగిపోతుంది. వంటగదిలో, స్నానాల గదిలో గాలి బయటికి పోయే ఏర్పాటు లేకపోతే గోడ మూలల్లో బూజు పడుతుంది. గదిలో గ్యాస్‌తోనో కట్టెలతోనో మండేది ఏదైనా ఉంటే గాలి వచ్చే దారిని ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

పని ఒప్పుకునే ముందు, అప్పగించుకునే ముందు

ఒప్పందంలో ఏ పద్ధతో స్పష్టంగా రాయించాలి. కిటికీ మార్పు అని మాత్రమే రాస్తే ఒకరు పాత చట్రం లోపల పెట్టే పనికి, ఇంకొకరు అంతా ఊడదీసే పనికి ధర చెబుతారు, ఆ రెండు అంకెలను పోల్చి ప్రయోజనం ఉండదు. పాత కిటికీని తీసుకుపోవడం, పూత, రంగు, దోమతెర, గ్రిల్ తీసి మళ్లీ బిగించడం ఎవరి పనో రాయాలి. చట్రం ఊడదీశాక గోడ లోపల పుచ్చు గాని పగులు గాని బయటపడితే అదనపు పనికి లెక్క ఎలా కట్టాలో కూడా ముందే మాట్లాడుకోవాలి.

పని అయ్యాక కాగితం పరీక్ష మళ్లీ చేయాలి. రెక్కను సగం తెరిచి వదిలితే అది తనంతట తాను కదలకూడదు. కదిలితే చట్రం నిలువుగా లేదు. సీలెంట్ ఆరిన తరువాత బయటి నుంచి గొట్టంతో నీరు పట్టాలి, అదీ కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఎత్తులో పది నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరుతున్నదో తెలియదు. కింది నుంచి వెళితే లోపల చెమ్మ కనిపించిన క్షణానికి గొట్టం ఏ ఎత్తులో ఉందో అదే లోపమున్న చోటు.

ఇంట్లో పది కిటికీలుంటే పదింటికీ ఒకే పద్ధతి ఉండాలన్న నియమమేమీ లేదు. సజ్జా నీడలో ఉన్న చట్రం గట్టిగా ఉండి, వాన నేరుగా కొట్టే వైపున్నది పుచ్చి ఉండడం సహజం. ఒకదానికి రెక్కలు, మరొకదానికి పూర్తి కిటికీ అవసరం కావచ్చు. అన్నిటికన్నా పాడైన కిటికీని ముందుగా మార్పించి, అది ఒక గట్టి వానను తట్టుకున్నాక మిగిలినవాటి కొలతలు తీయించండి.